తాపీ ఒడ్డు నుంచి స్కెల్డె ఒడ్డుకు

తెలుగునాట ఏ బట్టల దుకాణంలో అడుగుపెట్టినా సూరత్ పేరు చెవిన పడక తప్పదు. శుభకార్యానికి పెట్టుబడి చీరలు కావాలన్నా, పండుగకు ఇంటిల్లిపాదికీ సరసమైన ధరలో బట్టలు తీయాలన్నా, దుకాణదారు ముందుగా విప్పి పరిచేది సూరత్ సరుకునే. ఆ చీరలు నేసే మరమగ్గాల వద్ద నిలబడినవారిలో పూర్వపు కరీంనగర్, వరంగల్లు, నల్లగొండ జిల్లాల నుంచి వలసవెళ్ళిన పద్మశాలి కుటుంబాలవారు ఎందరో ఉన్నారు. వారి పిల్లలకోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలను సైతం నడుపుతున్నది.

ఆ నగరానికి రెండవ వృత్తి వజ్రాల సాన. ప్రపంచంలో సానబట్టే వజ్రాలలో పదింట తొమ్మిది వంతులు సూరత్ పనివారి చేతుల మీదుగానే వెళతాయని అంచనా. 'ఘంటీ' అని పిలిచే సానచక్రం చుట్టూ నలుగురేసి కూర్చుని, కంటికి ఆనని రాళ్ళకు కాంతి పుట్టిస్తూ ఉంటారు. వరాఛా, కతార్‌గామ్ పేటలలో ఎవరైనా ఆంట్‌వెర్ప్ ప్రయాణమవుతున్నామని చెబితే, అది ఏ దేశంలో ఉన్నదని అడిగేవారుండరు. బెల్జియం దేశపు ఆ నగరం వారికి పొరుగూరి వంటిది. ముడి రాయి అక్కడి బజారు నుంచి రావడం, సానదేరిన రాయి తిరిగి అక్కడికే చేరడం వారు తరతరాలుగా వింటున్న మాట.

అయినా ఆ నగరాన్ని నిజంగా చూచినవారు తక్కువ. వ్యాపారం మీద వెళ్ళినవారు రైల్వేస్టేషను పక్కనున్న మూడు నాలుగు వీధులు చూసి తిరుగుముఖం పడతారు. విహారానికి వెళ్ళినవారు పారిస్‌కూ స్విట్జర్లాండుకూ మధ్య పరుగులు తీస్తూ దాని పేరైనా తలచరు. వేసవిలో ఐరోపా చూడదలచిన సూరత్ కుటుంబం, అందునా తెలుగు కుటుంబం, నాలుగైదు రోజులు ఆంట్‌వెర్ప్‌కు కేటాయించగలిగితే, తమ కథనే మరొక భాషలో చదువుకున్నట్లవుతుంది. అయితే ఆ చదువుకు కొంత ముందస్తు సన్నాహం అవసరం.

రెండు నదులు, ఒకే రాత

తాపీ నది మీద సూరత్, స్కెల్డె నది మీద ఆంట్‌వెర్ప్, రెండూ సముద్రపు పోటు ఎగదన్నే నదీరేవులే. 16వ శతాబ్దం నడుమ ఆంట్‌వెర్ప్ ఉత్తర ఐరోపాకంతటికీ అంగడిగా వెలిగింది. పోర్చుగీసువారు మన దేశం నుంచి లిస్బన్‌కు చేర్చిన మిరియాలు ఆంట్‌వెర్ప్‌లోనే టోకున అమ్ముడయ్యేవి. ఇంగ్లండు ఉన్నిబట్టలు అక్కడికే వచ్చి రంగులు అద్దించుకునేవి. నగర జనాభా లక్షకు చేరింది. 1576లో జీతాలు అందని స్పానిష్ సైనికులు దానిని దోచి తగులబెట్టారు. 1585లో, సుదీర్ఘమైన ముట్టడి అనంతరం, నగరం స్పెయిన్ సేనలకు లొంగిపోయింది. నదీముఖం మాత్రం శత్రుపక్షమైన డచ్చివారి అధీనంలో ఉండడంతో సముద్రానికి దారి మూసుకుపోయింది. ప్రొటెస్టెంట్లకు నాలుగేళ్ళ గడువిచ్చి ఊరు విడిచి పొమ్మన్నారు. 1589 నాటికి జనాభా సగానికంటే తగ్గిపోయింది.

అలా వెళ్ళిపోయిన వర్తకులలో, పనివారిలో ఎందరో ఆంస్టర్‌డామ్ చేరుకున్నారు. వారు తీసుకువెళ్ళిన ధనమూ నైపుణ్యమూ ఆ నగరపు ఉన్నతికి దోహదం చేశాయి. అక్కడ 1602లో డచ్చి ఈస్టిండియా కంపెనీ పుట్టింది. 1605-06 నాటికి ఆ కంపెనీ మనుషులు మచిలీపట్టణంలో దిగారు. మరొక పదేళ్ళలో సూరత్‌లోనూ వర్తకస్థానం ఏర్పరచుకున్నారు. స్కెల్డె ఒడ్డున ఒక రేవు కూలిన చప్పుడు ఇటు కృష్ణాతీరంలో, అటు తాపీతీరంలో ఈ విధంగా వినవచ్చింది.

సూరత్ కథ అంత ఆకస్మికమైనది కాదు. 1608లో ఇంగ్లీషువారి ఓడ 'హెక్టర్' వచ్చిననాటికి అది మొగలు సామ్రాజ్యానికి ప్రధానమైన రేవు, మక్కా యాత్రికులకు ద్వారం. 1613లో మొగలు చక్రవర్తి అనుమతితో ఇంగ్లీషువారు అక్కడ స్థిరమైన వర్తకస్థానం నెలకొల్పారు. 1664లోనూ, తిరిగి 1670లోనూ శివాజీ సేనలు నగరాన్ని కొల్లగొట్టాయి. 1687లో ఇంగ్లీషువారు తమ కేంద్రాన్ని బొంబాయికి మార్చుకున్నారు. ఇసుకమేటలు వేసే నది ఒక వంక, లోతైన సహజ నౌకాశ్రయంగల బొంబాయి మరొక వంక. ఆ పోటీలో సూరత్ మెల్లమెల్లగా వెనుకబడింది.

రేవు పోయినా పనితనం పోలేదు. రెండు నగరాలనూ తిరిగి నిలబెట్టినది అదే. ఆంట్‌వెర్ప్‌కు నది పూర్తిగా విడుదలైనది 1863లో, ఓడల మీద హాలెండు వసూలు చేసే సుంకాన్ని సొమ్ము చెల్లించి రద్దు చేయించుకున్న తరువాత. నేడు అది ఐరోపాలో రాటర్‌డామ్ తరువాతి పెద్ద రేవు. సూరత్ జరీతో, మగ్గంతో, సానతో కోలుకుంది. 1994లో ప్లేగు భయంతో లక్షలమంది నగరం వదలి పారిపోయినప్పుడు సూరత్ పని అయిపోయిందనుకున్నవారున్నారు. 1995లో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు అనే తెలుగు అధికారి పర్యవేక్షణలో ఆ నగరమే పారిశుద్ధ్యానికి దేశంలో పేరుపొందింది. ఆంట్‌వెర్ప్ కూడా అటువంటి దినం ఎరుగును. 1944 డిసెంబరు 16న ఒక సినిమాశాల మీద జర్మనీ రాకెట్ పడి 567 మంది మరణించారు.

కొల్లూరు రాయి నడచిన బాట

ఈ రెండు నగరాలను కలిపే దారంలో తెలుగు పోగు ఒకటి ఉన్నది. 18వ శతాబ్దంలో బ్రెజిల్ గనులు బయటపడేవరకు ప్రపంచానికి వజ్రాలు దాదాపుగా మన దేశం నుంచే వెళ్ళేవి. వాటిలో పేరెన్నికగన్నవి గోలకొండ రాజ్యపు గనులు. ఆ గనులలో ప్రసిద్ధమైనది పల్నాటి సీమలో కృష్ణ ఒడ్డునున్న కొల్లూరు. నేడు ఆ ఊరు పులిచింతల జలాశయపు ముంపులో కలిసిపోయింది.

17వ శతాబ్దంలో కొల్లూరు గనిని స్వయంగా చూచిన ఫ్రెంచి వర్తకుడు జా బాప్తిస్త్ తావెర్నియే అక్కడ స్త్రీలు, పిల్లలతో సహా అరవైవేలమంది పనిచేస్తున్నారని రాశాడు. సూరత్ నుంచి గోలకొండకు వెళ్ళే బాటను మజిలీ మజిలీగా వర్ణించాడు. ఆయన గ్రంథం 1676లో పారిస్‌లో అచ్చయింది. ఆయన ఫ్రాన్సు రాజు పద్నాలుగవ లూయీకి అమ్మిన నీలివజ్రం కొల్లూరుదేనని విజ్ఞుల అభిప్రాయం. దానిని తిరిగి చెక్కగా మిగిలినదే వాషింగ్టన్‌లోని 'హోప్' వజ్రం. తావెర్నియే పుట్టినది పారిస్‌లోనే అయినా, ఆయన తండ్రి పటాల వ్యాపారి, ఆంట్‌వెర్ప్ నుంచి వలసవచ్చినవాడు. ఆంట్‌వెర్ప్ రక్తం సూరత్ రేవులో దిగి కృష్ణ ఒడ్డుకు నడిచిందన్నమాట.

ఆంట్‌వెర్ప్‌లో వజ్రాల వృత్తి అంతకంటే పాతది. నకిలీ రత్నాల అమ్మకాన్ని నిషేధిస్తూ నగరాధికారులు 1447లోనే శాసనం చేశారు. 1582లో వజ్రాలు చెక్కేవారి శ్రేణి ఏర్పడింది. 1860ల చివర దక్షిణాఫ్రికాలో వజ్రాలు దొరికిన తరువాత ఆ పని మరింత విస్తరించింది. 20వ శతాబ్దంలో ఆంట్‌వెర్ప్‌కు తూర్పున కెంపెన్ సీమలోని నైలెన్, గ్రోబెన్‌డాంక్ వంటి పల్లెలలో ఇంటింటా సానచక్రాలు తిరిగేవి. సేద్యం గిట్టని ఇసుకనేలలలో రైతుబిడ్డలకు అదే జీవనాధారమయింది. తరువాత కూలి తక్కువగా ఉన్న దిక్కుకు పని మళ్ళింది. ఆ దిక్కు సూరత్. కెంపెన్ పల్లెలలో చక్రాలు ఆగిపోతూ ఉండగా సౌరాష్ట్రపు మెట్టపొలాలు వదలివచ్చిన రైతుబిడ్డలు తాపీ ఒడ్డున ఘంటీల ముందు కూర్చున్నారు.

ఈ చరిత్ర ఎరిగి వెళ్ళినవారికి ఆంట్‌వెర్ప్ వేడుక మాత్రమే కాదు, హెచ్చరిక కూడా. 2023 డిసెంబరులో సూరత్‌లో అరవైఏడు లక్షల చదరపు అడుగుల వజ్రాల బజారు భవనం ప్రారంభమయింది. మరుసటి ఏడాదిలోనే గిరాకీ పడిపోయి పనివారు చిక్కులలో పడ్డారు. ప్రయోగశాలలో పండించిన వజ్రం గనివజ్రం ధరను దిగలాగింది. రష్యా వజ్రాల మీద 2024 జనవరి నుంచి ఐరోపా దేశాలు విధించిన నిషేధం ముడిసరుకు రాకపోకలను మార్చివేసింది. వృత్తి ఎప్పటికీ ఒకే ఒడ్డున నిలవదన్న సంగతి నైలెన్ పల్లె ముందే చూచింది.

మొదటి మజిలీ సూరత్‌లోనే

అందుచేత ఈ యాత్రను విమానాశ్రయంలో కాక సూరత్‌లోనే మొదలుపెట్టడం మేలు. ఒక ఆదివారం ఉదయం పిల్లలను వెంటబెట్టుకుని తాపీ ఒడ్డునున్న కోటకు వెళ్ళాలి. పోర్చుగీసు దాడులను ఎదుర్కొనే నిమిత్తం 16వ శతాబ్దంలో కట్టిన ఆ కోటను ఇటీవల పునరుద్ధరించి ప్రదర్శనశాలగా మార్చారు. అక్కడి నుంచి కతార్‌గామ్ దారిలోని ఇంగ్లీషు, డచ్చి సమాధులకు పోవాలి. గుమ్మటాలతో, స్తంభాలతో మహమ్మదీయుల రోజాలను తలపించే ఆ కట్టడాలను చూస్తే, పరదేశి వర్తకులు మరణంలో సైతం స్థానిక ప్రభువులతో పోటీపడ్డారని తోస్తుంది. 1669లో మరణించిన ఇంగ్లీషు అధికారి జార్జి ఆక్సెండెన్ సమాధి అక్కడే ఉన్నది. 1691లో మరణించిన డచ్చి అధికారి వాన్ రీడ్ సమాధి మరొకటి. కేరళ దేశపు ఓషధులను బొమ్మలతో వర్ణించి ఆంస్టర్‌డామ్‌లో పన్నెండు సంపుటాలుగా అచ్చువేయించిన 'హోర్తుస్ మలబారికుస్' గ్రంథానికి కర్త ఆయనే.

వేసవి అంటే ఏది?

ప్రయాణపు తేదీలు నిర్ణయించుకునేటప్పుడు ఒక పొరపాటు సాధారణంగా జరుగుతుంది. మన వేసవి వేరు, వారి వేసవి వేరు. గుజరాత్ పాఠశాలలకు సెలవులు మే ఆరంభం నుంచి జూన్ మొదటివారం దాకా. ఆ రోజులలో ఆంట్‌వెర్ప్‌లో ఇంకా వసంతమే. పగటి ఎండ హాయిగా ఉన్నా సాయంత్రానికి ఉన్నిబట్ట కావాలి. అసలు వేసవి జూన్ నుంచి ఆగస్టు వరకు. జూలైలో పగటివేడి సగటున 23 డిగ్రీలు. జూన్ చివర సూర్యుడు రాత్రి పది గంటలకు గాని అస్తమించడు. పిల్లల చదువు ఉన్నవారికి మే నెలాఖరు అనువైనది. ఆ బంధం లేనివారికి జూన్ రెండవ పక్షం శ్రేష్ఠం. సూరత్‌లో వాన మొదలైన వేళకు అక్కడ దీర్ఘదినాలు దొరుకుతాయి. గొడుగు మాత్రం ఏ నెలలోనైనా వెంట ఉండవలసిందే.

వజ్రాల వీధి చూడదలచినవారు ఆగస్టు మొదటి వారాలు మానుకోవడం మంచిది. ఆ సమయంలో వ్యాపారులు వేసవి సెలవులు తీసుకోవడం ఆనవాయితీ. యూదుల దుకాణాలు శనివారం తెరవరు. ఆగస్టు 15 అక్కడ మేరీమాత పండుగ. ఆంట్‌వెర్ప్‌వారు మాతృదినోత్సవాన్ని కూడా ఆనాడే జరుపుకుంటారు. జూలై 21 బెల్జియం జాతీయదినం.

కాగితాలు, దారి

బెల్జియం 'షెంగెన్' కూటమిలోని దేశం కనుక ఒకే వీసాతో ఆ కూటమిలోని ఇతర దేశాలనూ చూడవచ్చును. ఏ దేశంలో ఎక్కువ రోజులు గడుపుతారో ఆ దేశానికే దరఖాస్తు చేసుకోవాలి. ప్రయాణానికి ఆరునెలల ముందు నుంచి దరఖాస్తు స్వీకరిస్తారు. పదిహేను రోజులకంటే ఆలస్యం చేయరాదు. వేసవిలో రద్దీ హెచ్చు గనుక మూడునెలల ముందే పని పూర్తిచేసుకున్నవారు నిశ్చింతగా ఉంటారు. 2024 జూన్ నుంచి పెద్దలకు రుసుము 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ళలోపు పిల్లలకు 45 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్యఖర్చుకు బీమా తప్పనిసరి. వీసా నిరాకరిస్తే రుసుము తిరిగిరాదు. కనుక బాంకు లెక్కలు, బస ఏర్పాట్లు, తిరుగు ప్రయాణపు వివరాలు ఒకదానితో ఒకటి పొసగుతున్నవో లేదో ముందే సరిచూసుకోవాలి.

సూరత్ నుంచి ముంబయికి రైలులో వెళ్ళి, అక్కడి నుంచి ఐరోపాలోని ఏ పెద్ద నగరానికైనా విమానం పట్టుకోవచ్చును. బ్రస్సెల్స్ విమానాశ్రయంలో దిగితే భవనం కిందనే రైలు దొరుకుతుంది. ఆంట్‌వెర్ప్ అరగంటకు కాస్త పైబడిన దూరం. ఆంస్టర్‌డామ్, పారిస్ నగరాల నుంచి కూడా వేగపు రైళ్ళు ఉన్నాయి. ఊరిభాష డచ్చి. ఫ్రెంచి నేర్చుకుని వెళ్ళి అక్కడ ప్రయోగించడం కంటే ఇంగ్లీషుతో సరిపెట్టుకోవడం ఉభయతారకం.

నాలుగు దినాల చూపు

రైలు దిగిన చోటే తొలి దర్శనీయస్థలం. 1905లో పూర్తయిన కేంద్ర స్టేషను 75 మీటర్ల గుమ్మటంతో రాజప్రాసాదం వలె నిలుచున్నది. దాని పక్కనే హోవెనియర్ వీధి. ప్రపంచపు వజ్రవాణిజ్యంలో గొప్పభాగం నడిచే ఆ ఇరుకు వీధిలో ఆడంబరమేమీ కానరాదు. నల్లకోటు ధరించిన యూదు వర్తకుడు, గుజరాతీలో మాట్లాడుతున్న జైన వర్తకుడు పక్కపక్కనే నడిచిపోతూ ఉంటారు. భారతీయులు 1960ల నుంచి అక్కడ స్థిరపడ్డారు. నగరశివారు విల్‌రైక్‌లో 2010 నాటి పాలరాతి జైన మందిరం ఉన్నది.

రెండవ దినం పాతపట్నానికి. 1352లో ఆరంభించిన మేరీమాత ఆలయపు గోపురం ఎత్తు 123 మీటర్లు. లోపల రూబెన్స్ చిత్రించిన నాలుగు మహాపటాలు ఉన్నాయి. ఫ్రెంచివారు పారిస్‌కు తరలించుకుపోయినవాటిలో కొన్ని నెపోలియన్ పతనం తరువాత తిరిగివచ్చాయి. రూబెన్స్ నివసించిన గృహం 2023 నుంచి మరమ్మతుల నిమిత్తం మూసి ఉన్నది. తోట మాత్రం 2024లో తెరిచారు. బయలుదేరేముందు విచారించుకోవాలి. నగరసభ ఎదుటి ఫౌంటెన్ మీద ఒక వీరుడు తెగిన చేతిని విసురుతూ ఉంటాడు. సుంకం చెల్లించని పడవవారి చేతులు నరికే రాక్షసుని చేతినే నరికి నదిలో విసిరాడని స్థలపురాణం. శతాబ్దాలపాటు నదీసుంకంతో బాధపడిన ఊరికి తగిన కథే. సాయంత్రం నది ఒడ్డునున్న 'స్టేన్' కోటను చూసి సూరత్ కోటను తలచుకోవచ్చును. 1933 నాటి చెక్క కదిలేమెట్లతో నది అడుగుకు దిగి, అరమైలు లోపు సొరంగంలో ఆవలి ఒడ్డుకు ఊరకే నడిచిపోవచ్చును.

మూడవ దినం ప్లాంటాన్ ముద్రణాలయానికి. సోమవారం దానికి సెలవు. 16వ శతాబ్దపు ఆ గృహాన్ని 2005లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. లోకంలో మిగిలిన అత్యంత ప్రాచీన ముద్రణాయంత్రాలు రెండు అక్కడ ఉన్నాయి. గోవాలో నివసించిన వైద్యుడు గార్సియా ద ఓర్తా మన దేశపు ఔషధాల మీద రాసిన గ్రంథానికి లాటిన్ అనువాదం 1567లో అచ్చయినది ఆ ముద్రణాలయంలోనే. సూరత్‌లో వాన్ రీడ్ సమాధి చూసివచ్చినవారికి ఆ గదిలో కొత్తచోటన్న భావం కలగదు. మధ్యాహ్నం 'దీవా' వజ్రాల ప్రదర్శనశాల చూడాలి.

నాలుగవ దినం నేతకుటుంబాలవారు గెంట్ నగరానికి వెళ్ళిరావడం ఉచితం. రైలులో గంట ప్రయాణం. మధ్యయుగంలో ఉన్నినేతతో వర్ధిల్లిన ఆ ఊరిలో పాత నూలుమిల్లు ఒకటి పరిశ్రమల ప్రదర్శనశాలగా నిలిచి ఉన్నది. 18వ శతాబ్దం చివర లివెన్ బావెన్స్ అనే వర్తకుడు ఇంగ్లండు నుంచి నూలువడికే యంత్రాన్ని భాగాలుగా దొంగచాటుగా తెచ్చాడు. దానితో గెంట్ మిల్లుల నగరమయింది. మగ్గం శబ్దం తెలిసిన చెవికి అక్కడి యంత్రాలు దుబాసీ అవసరం లేకుండానే మాట్లాడతాయి.

భోజనం, మర్యాద

శాకాహారులు ఒక విషయం గుర్తుంచుకోవాలి. వీధివీధినా దొరికే వేయించిన బంగాళాదుంప ముక్కలను అక్కడ సంప్రదాయంగా ఎద్దుకొవ్వులో వేయిస్తారు. నూనెలో వేయించే దుకాణాలూ ఉన్నాయి, అడిగి కొనాలి. ఫలహారశాలలో మంచినీరు సైతం సీసాల లెక్కన వెలకట్టి ఇవ్వడం పరిపాటి. వజ్రాల వీధిలో నిలిచి ఫొటోలు తీయడం, అపరిచితుని మాట నమ్మి రాయి కొనడం, రెండూ మానుకోదగినవే. చౌకగా వస్తుందని ఆశపడేవారికి సూరత్ వర్తకుడే మంచి బుద్ధి చెప్పగలడు.

మిగిలిన ప్రయాణం

ఇంత ఖర్చు పెట్టగలిగినవారు సూరత్‌లో కొందరే. ఘంటీ ముందు కూర్చునే 'రత్నకళాకార్'కు గాని, మరమగ్గం వద్ద పన్నెండు గంటలు నిలబడే నేతపనివానికి గాని ఈ యాత్ర నేటికీ అందని పండే. తాను సానబట్టిన రాయి చూచిన నగరాన్ని తాను చూడలేకపోవడం అతని జీవితంలోని విపర్యాసం. కనుక వెళ్ళగలిగినవారి మీద ఒక బాధ్యత ఉన్నది. తిరిగివచ్చాక బంధువులకు చాక్లెట్లు పంచడంతో సరిపెట్టక, లింబాయత్ పాఠశాలలోనో కతార్‌గామ్ కార్ఖానాలోనో ఒక సాయంత్రం పిల్లలను కూర్చోబెట్టి చూచినదంతా చెప్పాలి. ఒకే వృత్తిని నమ్ముకున్న పల్లె ఏమైనదో, రేవు మూతపడిన నగరం తన పనితనంతో ఎలా లేచి నిలిచిందో వారికి తెలియాలి. కృష్ణ ఒడ్డున పుట్టిన రాయి ఎన్ని ఒడ్లు మారినా దానికి వెలుగు తెచ్చినది పనివాని చెయ్యే. ఆ చేతికి రేపు ఏ పని నేర్పాలో ఆలోచించడానికి ఆ సాయంత్రం మంచి ఆరంభం కాగలదు.